వేపమండ కట్టని ఇల్లు

వేపచెట్టు కింద నిలబడితే అందరికీ హాయిగా ఉంటుందంటారు. నాకు మాత్రం కాళ్లు లాగుతాయి. చెట్టు తప్పేమీ లేదు. పంతొమ్మిదివందల యాభైల్లో ఒక ఎండాకాలం మద్రాసు రాయపురంలో ఏ వాకిట్లో వేపమండ ఉందో చూసుకుంటూ ఎన్ని సందులు తిరిగానో, ఆ తిరుగుడు ఇంకా నా పిక్కల్లో ఉండిపోయింది.

ఈమధ్య మా వీధికి కొత్తగా వచ్చిన హెల్త్ విజిటరమ్మాయి ఒకతి నన్ను పలకరించి, "అమ్మమ్మా, మీ రోజుల్లో ఇట్లా ఊరంతా జబ్బుపడితే పేదవాళ్లకు సాయం ఇచ్చేవాళ్లా? ఎవరికివ్వాలో ఎట్లా తేల్చేవాళ్లు?" అని అడిగింది. తేల్చడమనే మాటకు ముందు నవ్వొచ్చింది, తర్వాత నీరసమొచ్చింది. ఆ పిల్లకు ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపేశాను. చెప్పడం మొదలుపెడితే పొద్దుపోతుంది, ఆమెకేమో ఇంకా తిరగాల్సిన ఇళ్లున్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు ఎవరైనా తీరిక దొరికితే చదువుకుంటారు.

నేనప్పుడు హార్బరు వెనకవైపు సందుల్లో ఒక తల్లీపిల్లల కేంద్రంలో హెల్త్ విజిటర్ని. పేరు ఇంగ్లీషులో ఘనంగా ఉంటుంది గానీ, పనంతా నడకే. చేతిలో సంచి, సంచిలో దూది, థర్మామీటరు, నాలుగు మిక్స్చరు సీసాలు. కాన్పయిన ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలి, తల్లి తినకపోతే తల్లిని తిట్టాలి, తిననివ్వకపోతే అత్తను తిట్టాలి. అక్కడివాళ్లంతా నన్ను నర్సమ్మ అనేవాళ్లు. నాది నెల్లూరు పక్క. ఆ సందుల్లో చాలామంది తాతలు కూడా అటునుంచే వచ్చినవాళ్లు కాబట్టి నా తిట్లు వాళ్లకు బాగానే అర్థమయ్యేవి. మగవాళ్లు హార్బర్లో మూటలు మోసేవాళ్లు, ఆడవాళ్లు చేపల గంపలు ఎత్తేవాళ్లు. ఏ రోజు కూలి ఆ రోజుదే.

ఆ జ్వరం ఓడల మీద వచ్చిందన్నారు. పేపర్లలో ఫ్లూ అని రాశారు. హార్బరు వాళ్లకు ముందు తగిలింది, తర్వాత పెరంబూరు రైలు షెడ్ల దాకా పాకింది. చంపింది తక్కువే, పడేసింది మాత్రం ఇంటిల్లిపాదినీ. మూట ఎత్తేవాడు పడుకుంటే ఆ రోజు పొయ్యి వెలగదు. నేను మిక్స్చరు ఇస్తే, "పరగడుపున తాగితే కక్కొస్తా ఉండాది నర్సమ్మా, ముందు కడుపులోకి ఏమన్నా ఉంటే ఈయి" అనేవాళ్లు. నా సంచిలో అదొక్కటే ఉండేది కాదు.

పైవాళ్లకు ఈ సంగతి తెలియడానికి కొంత కాలం పట్టింది. తెలిశాక, సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక బడిలో పెద్ద పెద్ద అండాలు పెట్టి నూకల గంజి కాచడం మొదలుపెట్టారు. గిన్నె తెచ్చుకుని వరసలో నిలబడితే పోస్తారు. నిలబడగలిగినవాళ్లు వచ్చి, ఒకరి మీద ఒకరు దగ్గుకుంటూ నిలబడ్డారు. నిలబడలేనివాళ్లు ఇళ్లలోనే పడి ఉన్నారు. మా ఆఫీసరు వచ్చి ఆ వరస చూసి తల పట్టుకున్నాడు.

ఆయన కుర్ర డాక్టరు, తంజావూరు వైపు తమిళుడు. మమ్మల్ని చూసి కాస్త తెలుగు నేర్చుకున్నాడు. మంచివాడే. ఎవరినీ కసరడు, సొంత సైకిలు మీద తిరుగుతాడు. ప్రతి పనికీ చూడగానే తెలిసే ఒక గుర్తు ఉండాలనేది ఆయన పట్టుదల. గుర్తు లేకపోతే పక్షపాతం వస్తుందనేవాడు. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను.

జ్వరం ఉన్న ఇళ్లకు తోపుడుబండి మీద గంజి పంపుదామన్నాడు. కాచేదే కొంచెం, కాబట్టి జ్వరం ఉన్న ఇళ్లకే పోయాలి. ఏ ఇంట్లో జ్వరముందో ఎట్లా తెలుస్తుంది? ఆ ప్రశ్నకు ఆయనే జవాబు కనిపెట్టి, మా కేంద్రానికి ఉషారుగా వచ్చాడు.

"సిస్టర్, వాళ్లే మనకు బోర్డు కట్టి పెట్టారు. జ్వరం వచ్చిన ఇంటికి వేపమండ ఉంది. ఇంకేం కావాలి?"

నిజమే. అమ్మవారు పోసిన ఇంటికి వాకిట్లో వేపమండలు కట్టడం ఆ సందుల్లో అలవాటు. ఆ ఇంట్లోకి బయటివాళ్లు పోరు, ఆ ఇంటి వస్తువు బయటికి రాదు, పొయ్యి మీద తాళింపు పడదు. ఇది అమ్మవారు కాదని మేము గొంతు చించుకుని చెప్పినా, ఒళ్లు కాలే జ్వరం ఏదైనా వాళ్లకు ఆ తల్లి రాకే. ఏ ఇంటికి ఆకు ఉంటే ఆ ఇంటి ముందు బండి ఆగాలని ఆయన చెప్పాడు. నాకూ ఆ ఆలోచన నచ్చింది. తలుపు తట్టనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

బండి తోసే ఆయన ఒంగోలు పక్క మనిషి. నడివయసు, పెద్ద ఒళ్లు, ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతుండేవాడు. ఆయన ముందు బండి, వెనక నేను. అండా మూత మీద గరిటెతో టంగుమని కొడితే ఆకున్న ఇంటి తలుపు తెరుచుకుని ఒక గిన్నె బయటికి వచ్చేది. మొదటి రోజు పని సాఫీగా సాగింది. ఆఫీసరు సైకిలు ఆపి చూసి, తృప్తిగా వెళ్లిపోయాడు.

మర్నాడు బండి పని అయ్యాక నా మామూలు పని కోసం అదే సందులోని ఒక ఇంటికి వెళ్లాను. అక్కడ మూడు నెలల బిడ్డ ఉంది. తలుపు మీద సుద్దతో గీసిన సిలువ గుర్తు, లోపల చాప మీద వరసగా మనుషులు. మూటలు మోసే కొడుకు ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. బాలింత కోడలు జ్వరంతో వణుకుతూ బిడ్డకు పాలివ్వబోతోంది, బిడ్డ పట్టుకుని వదిలేసి ఏడుస్తోంది. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలమ్మకూ జ్వరమే. పొయ్యిలో బూడిద కూడా చల్లారి చాలాసేపైనట్టుంది.

"బండి రాలేదా పెద్దమ్మా మీ ఇంటికి?" అన్నాను. అడిగాక తెలిసింది, ఆ బండి వెనక నడిచింది నేనే కదా అని.

"వచ్చింది, ఇట్టే పొయ్యింది," అన్నది ముసలమ్మ. "ఆకు లేదు గదమ్మా మాకు. ఆకుండే ఇండ్లకే గదా మీ బండి."

"జ్వరం ఉందిగా."

"జొరముండాది. ఆకు లేదు. మేం ప్రభువు బిడ్డలం, మాకేమికి ఆకు?"

పక్కింట్లో చేపలమ్ముకునే ఆమె ఉంటుంది. జ్వరం నుంచి అప్పుడే లేచింది, గొంతు మాత్రం అప్పటికే పూర్తిగా కోలుకుంది. గుమ్మం దగ్గరకు వచ్చి నాతో ఫిర్యాదు చేసింది. "పొద్దన్నే నేను కట్టినా నర్సమ్మా. మా ఇంటి మండలోనుంచి ఒక రెమ్మ తుంచి ఈ అవ్వ వాకిలికి కట్టినా. లేచి నీళ్లు తాగేదానికి ఓపిక లేదు ఈమెకి, గోడ పట్టుకోని వచ్చి ఆకు మటుకు పీకేసింది. బాలింత మొగం చూసన్నా ఉంచగూడదా?"

నేనూ ఆ మాటే అన్నాను. ఊరికే ఆకే కదా పెద్దమ్మా, మొక్కమంటున్నామా, పూజ చేయమంటున్నామా, బండివాడికి ఒక గుర్తు, అంతే అన్నాను. బాగా అలిసి ఉన్నాను, కాస్త విసుగ్గానే అని ఉంటాను.

ముసలమ్మకు కోపం రాలేదు. ఊపిరి తీసుకుంటూ నిదానంగా చెప్పింది. "మా ఇంటాయన ఆడ ఊర్లో ఉపదేశి, ప్రభువు మాట చెప్పేటోడు. ఓ ఏడు కలరా వచ్చింది. ఊరంతా వాకిళ్లకి ఆకు కట్టినారు, మేం కట్టలా. మీవల్లే పోకుండా ఉండాది అని మమ్మల్ని బాయికాడికి రానీలా. నా పెద్దబిడ్డ నీళ్లు నీళ్లు అంటానే పోయింది. ఓ రెమ్మ కట్టుంటే నీళ్లు తోడనిచ్చుండేవాళ్లు. ఆ బిడ్డకి కట్టని ఆకు, ఇప్పుడు గంజికి కడతానా నర్సమ్మా?"

కోడలు కళ్లు మూసుకుని ఉంది గానీ నిద్రపోవడం లేదు. ఆమె రొమ్ములో పాలు తగ్గిపోతున్నాయని నాకు అర్థమైంది. ఇంకో రెండు పూటలు కడుపులోకి ఏమీ పోకపోతే మిగిలినవి కూడా ఇంకిపోతాయి. ఆ వయసు బిడ్డకు ఆ ఇంట్లో ఇంకో ఆధారం లేదు.

మర్నాడు ఆ ఇంటి ముందు నేనే బండి ఆపించాను. బండాయన గరిటె ఎత్తి, "పోస్తానమ్మా, నా సొమ్మేం బోయింది. ఎదురింటోళ్లు అడిగితే ఏం చెప్పాల?" అన్నాడు.

"లోపల జ్వరమని చెప్పు."

"అది నాకూ నీకూ తెలుసు. వాళ్లకి ఆకు ఏదీ అనేదే దా పాయింటు," అన్నాడు. తమిళం 'దా' లేకుండా ఆయన మాట ముగిసేది కాదు.

ఆయన అన్నట్టే అయింది. ఎదురింటి మనిషి వీధిలోకి వచ్చి, ఆకు లేని ఇంటికి పోశారు, మాకూ లేదు ఆకు, మాకూ పోయండి అన్నాడు. మీ ఇంట్లో ఎవరికి జ్వరం అంటే, రేపు వస్తుంది అన్నాడు. ఆ మాటకు సందంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తెల్లారి చూస్తే ఎవరికీ నవ్వొచ్చే పరిస్థితి లేదు.

తెల్లారేసరికి సందంతా పచ్చగా ఉంది. ఆకు లేని గడప లేదు. టీ కొట్టుకు ఆకు, క్షౌరశాలకు ఆకు, తాళం వేసి ఊరెళ్లినవాళ్ల తలుపుకు ఆకు. దీపస్తంభానికి కూడా ఎవరో ఒక మండ కట్టారు. గూడ్సు షెడ్డు పక్కనున్న పెద్ద వేపచెట్టును చేతికందినంత మేరా దూసేశారు. ఒక్క సిలువ గుర్తు ఇంటికే లేదు.

ఆఫీసరు వచ్చి చూశాడు. అంత నిదానస్తుడికీ ముఖం ఎర్రబడింది. "మోసం సిస్టర్. ఇక గుర్తు లేదు, గిర్తు లేదు. ప్రతి ఇంట్లోకీ మీరే వెళ్లండి. ఒళ్లు ముట్టుకుని చూసి, జ్వరం ఉంటేనే పోయించండి," అన్నాడు. మోసమని ఆయన దేన్నన్నాడో నాకు తెలుసు. జ్వరాల వల్ల హార్బర్లో పని తగ్గి రెండు వారాలుగా కూలి లేని మనిషికి జ్వరం లేకపోవడం ఒక్కటే నేరమైందని ఆయనకూ తెలిసే ఉండాలి. అప్పుడు ఇద్దరం ఆ మాట అనుకోలేదు, అనుకునే ఓపిక ఎవరికీ లేదు.

ఇళ్లలోకి వెళ్లడం మొదలుపెట్టాను. నిజంగా జ్వరమున్న ఇళ్లవాళ్లు నన్ను గడప దాటనివ్వలేదు. "లోపల తల్లి ఉండాది నర్సమ్మా. ఇంకో జొరమింట్లో తిరిగొచ్చిన కాళ్లు ఈడికి రాగూడదు. తానం చేసి నేరుగా రా, రానిస్తాం," అన్నారు. ఒక్కో ఇంటికీ తానం చేసి వెళ్లాలంటే నేను సముద్రంలోనే కాపురం పెట్టాలి. ఆలోచిస్తే డాక్టర్లు చెప్పేదీ అదే, ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి అట్లాగే పోవద్దని. జ్వరం లేనివాళ్లేమో నన్ను సగౌరవంగా లోపలికి పిలిచి, పడుకున్నట్టు పడుకుని మూలిగారు. ఇట్లా వాదించుకుంటూ సందు సగానికి రాకముందే ఎండ నడినెత్తికెక్కింది, అండాలో గంజి పులిసింది. బండాయన మూత తీసి వాసన చూసి మూసేశాడు. అంతా కాలవలో పారబోశాం. ఆ సిలువ గుర్తు ఇల్లు సందుకు ఆ చివర ఉంది. అక్కడిదాకా మేము చేరనేలేదు.

సాయంత్రం ఆ ఇంటికి వెళితే బిడ్డ ఏడుపు మారిపోయింది. గొంతు బొంగురుపోయి, ఏడుస్తున్నట్టు నోరు తెరుస్తోంది గానీ శబ్దం సరిగా రావడం లేదు. "పాలు లేవు నర్సమ్మా," అన్నది కోడలు. అంతకు ముందు ఆ పిల్ల నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. చేపలామె ఇచ్చిన కాస్త బెల్లం నీళ్లు చెంచాతో బిడ్డ నోట్లో పోసి ఇంటికెళ్లాను. ఈ ఉద్యోగం మానేద్దామని ఆ రోజు నిజంగా అనుకున్నాను. మానేస్తే నేనేం తినాలన్నది తోచక ఊరుకున్నాను.

పొద్దున్నే బడి దగ్గర బండాయనతో చెప్పాను. "ఈరోజు ఆకులూ వద్దు, లోపలికి పోవడమూ వద్దు. తినాలనుకునే ఇంటివాళ్లు గిన్నె కడిగి గడప బయట పెట్టమను. గిన్నె ఉంటే పోయి. లేకపోతే ముందుకు పో."

"సారు చెప్పినాడా?"

"లేదు."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి బండి ఎత్తాడు. "కడుపు నిండినోడు గిన్నె కడగడు గదా," అని గొణుగుతూ నడిచాడు.

మూత మీద గరిటెతో కొట్టుకుంటూ ఆ మాట సందంతా చాటాడు. కొంతసేపు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒక్కో తలుపూ కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి వచ్చి, ఒక గిన్నె పెట్టి లోపలికి పోయింది. సత్తు గిన్నెలు, మట్టి చట్లు, ఒక ఇంటి ముందు పూలకుండీ లాంటిది కూడా. ఆ చివర ఇంటి ముసలమ్మ తన సత్తు గిన్నెను బూడిదతో తోమి, తళతళలాడేట్టు తెచ్చి సిలువ గుర్తు కింద పెట్టింది. "దీనికి సరే," అన్నది నాతో. "గిన్నె పెట్టేదానికి ఏ దేముడూ ఏమనుకోడు."

ఆ ఇంటి ముందు గంజి పోస్తుండగా ఆఫీసరు సైకిలు వచ్చి ఆగింది. ఆయన దిగినట్టు లేదు, జారిపడ్డట్టుంది. గిన్నెల వరస చూశాడు.

"జ్వరం లేనివాళ్లు కూడా పెడతారు, సిస్టర్."

"పెడతారు సార్."

"అప్పుడు గంజి చాలదు."

"అందరికీ కొంచెం తక్కువ పోస్తున్నాం సార్."

"ఇది పద్ధతి కాదు."

"కాదు సార్."

నాకు వాదించే ఓపిక లేదు. ఆయనకూ ఉన్నట్టు లేదు. సైకిలు గోడకు ఆనించి, చేపలామె అరుగు మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. చేపలామె వంగి ఆయన కళ్లలోకి చూసింది.

"నర్సమ్మా, ఈ సారుకి గూడా జొరముండాది, కండ్లు చూడు. ఏం సార్, మీ గిన్నె యాడ?"

ఆయన కొంచెం నవ్వాడు. ఆమె తన ఇంట్లోంచి ఒక గ్లాసు తెచ్చి, గంజి పోయించి చేతిలో పెట్టింది. ఆయన ఆ సందులో, అందరూ తలుపుల చాటు నుంచి చూస్తుండగా, ఊదుకుంటూ తాగాడు. తాగి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. బండాయన ఆయన్ను సైకిలు మీద కూర్చోబెట్టి ఇంటిదాకా తోసుకెళ్లాడు. గిన్నెల పద్ధతి తప్పని ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అనలేదు, ఒప్పని రాసిందీ లేదు. మేము మాత్రం కొనసాగించాం.

ఆ పద్ధతి నడిచిన రోజులే నా ఉద్యోగంలో నేను కాస్త ఇష్టంగా గుర్తు చేసుకునే రోజులు. అవసరం లేని ఇల్లు ఒకటీ అరా గిన్నె పెట్టి ఉంటుంది. టీ కొట్టువాడు మొదటి రోజు పెట్టాడు, రెండో రోజు పక్కవాళ్ల చూపులు భరించలేక తీసేశాడు. కోడలికి పాలు మళ్లీ పడ్డాయి, పూర్తిగా కాకపోయినా బిడ్డ గొంతు తిరిగొచ్చేంత. ఒకరోజు నేను వెళ్లేసరికి బిడ్డ గట్టిగా ఏడుస్తుంటే ముసలమ్మ, "విను నర్సమ్మా, ఎట్ట అరస్తా ఉండాదో," అని మురిసిపోయింది. వాళ్లెవరూ పోలేదు. అది ముందే చెప్పేస్తున్నాను, ఆ భయంతో మిగతాది చదవనక్కర్లేదు.

జ్వరాలు తగ్గాయి. వాకిళ్లలో మండలు ఎండి, కొన్ని రాలిపోయాయి, కొన్ని పొయ్యిలోకి పోయాయి. ఆఫీసరు సెలవు నుంచి తిరిగొచ్చాడు, చొక్కా వదులైంది. నా దగ్గరికి తనే నడిచి వచ్చి, ఎదురుగా నిలబడి చెప్పాడు.

"పైనుంచి ఆర్డరు వచ్చింది సిస్టర్. జ్వరాలు తగ్గాయి కాబట్టి బండి రేపటినుంచి ఆపెయ్యాలి."

"మగవాళ్లకింకా పని దొరకలేదు సార్."

"తెలుసు. రాశాను. జ్వరం కోసం ఇచ్చిన బియ్యం, జ్వరం పోతే లేదన్నారు."

ఆయన నిజంగానే రాశాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఎవరి మీదా సరిగ్గా రాలేదు, అదే ఇంకా విసుగ్గా అనిపించింది. ముసలమ్మ కొడుకు ముందు రోజే హార్బరుకు వెళ్లాడు. రెండో మూట ఎత్తేసరికి మోకాళ్లు మడత పడ్డాయట. వారం రోజులు బాగా తిని రమ్మని మేస్త్రీ పంపేశాడు. వాడు ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, తినడానికే కదా పనికి పోయింది అని తనలో తనే నవ్వుకున్నాడని కోడలు చెప్పింది.

ఆ చివరి రోజు బండాయన గంజి పోసినంతసేపూ తల ఎత్తలేదు. పోయడం అయ్యాక మూత కొట్టి, ఆఫీసులో చెప్పమన్న మాట చెప్పినట్టే చాటాడు. "జొరాలు తగ్గినాయి కాబట్టి రేపట్నించి బండి రాదు. జొరాలు తగ్గినాయి కాబట్టి."

మర్నాడు నేను నా మామూలు పని మీద, సంచి పట్టుకుని ఆ సందులోకి వెళ్లాను. అన్ని గడపల ముందూ గిన్నెలున్నాయి. నిన్న చాటిన మాట అందరూ విన్నారు. విన్నా పెట్టారు. నా వెనక బండి లేదని సందు మొదట్లోనే చూశారు. అయినా ఎవరూ గిన్నె తీయలేదు. నేను నేల చూసుకుంటూ నడిచాను, నేల మీదే గిన్నెలున్నాయి.

ఆ చివర ఇంటి దగ్గర తలెత్తితే, సిలువ గుర్తు పైన వేపమండ ఉంది.

పెద్దది కాదు. జనం దూసేసిన ఆ గూడ్సు షెడ్డు చెట్టే మళ్లీ చిగురించి ఉంటుంది, అన్నీ ఎర్రటి లేత చిగుళ్లు. పాత చీర అంచు చింపి దాన్ని వాసానికి కట్టారు. కింద తోమిన సత్తు గిన్నె. పక్కన ముసలమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది పెద్దమ్మా ఇది?" అన్నాను.

"జొరముండాది నర్సమ్మా మా ఇంట్లో," అన్నది నా వైపు చూడకుండా.

లోపలికి వెళ్లి కొడుకు నుదురు ముట్టుకున్నాను. కోడలిని, బిడ్డను ముట్టుకున్నాను. ఎవరికీ లేదు. కోడలు నా కళ్లలోకి చూసి తల దించుకుంది. బయటికి వచ్చి, "ఎవరికి?" అన్నాను.

"నాకు."

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, ఎముకలు చేతికి తగులుతున్నాయి. ఆమె ఆ చెయ్యి నా చేతిలోనే ఉంచి, గొంతు తగ్గించి అడిగింది.

"జొరం లేదనే గదా బండి ఆపింది. ఉంటే వస్తాది గదా. పొద్దన్నే చీకట్లోనే పోయి నేనే తెచ్చి కట్టినా. ఆ పిల్లకి మళ్లా పాలు తగ్గిపోతా ఉండాయి. ఆకు కట్టినా గూడా రాదా?"

"రాదు పెద్దమ్మా. ఇంక ఎవరికీ రాదు."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. చాలాసేపు ఆ చిగుళ్ల వైపు చూస్తూ నిలబడింది. ఆ చూపు చూస్తే నీళ్లడుగుతూ పోయిన ఆ బిడ్డ ఈమెకు ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉందనిపించింది.

"అట్టయితే విప్పెయ్యి," అన్నది. "పీట ఎక్కి కట్టినా, మళ్లా ఎక్కలేను."

విప్పాను. పక్కకు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఈడ పడేయొద్దు. చేపలామె చూస్తాది. నీ సంచిలో ఏసుకోని పో."

సంచిలో వేసుకున్నాను. ఆమె వంగి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి లాగింది. నేను వచ్చిన దారినే వెనక్కి నడవాలి, ఆ సందుకు ఇంకో దారి లేదు. గిన్నెల వెనక నిలబడ్డ వాళ్లందరూ నా సంచి వైపు చూశారు. అందులో మిక్స్చరు సీసాలూ, ఆ ఆకూ తప్ప ఏమీ లేవు.